గోదారి ఇసుక నుంచి సిలికాన్: ఆసిడ్‌లో వేస్తే మంటలెందుకు?

గోదారి_గట్టు:
మాది కొవ్వూరు, డిగ్రీ ఫైనలియర్ కెమిస్ట్రీ. ప్రాజెక్టు కోసం రేవులోంచి ఇసుక తెచ్చి, కడిగి ఎండబెట్టి, 10 గ్రాముల ఇసుకకు 10 గ్రాముల మెగ్నీషియం పొడి కలిపి మూసలో కాల్చాం. మా సార్ పక్కనే ఉన్నారు. చల్లారాక ఆ ముద్దను హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వేస్తే టప్ టప్‌మని చిన్న మంటలు, తెల్లటి పొగ! తెల్లారేసరికి ఆసిడ్ పసుపుపచ్చగా ఉంది. అడుగున కాస్త నల్లపొడి, మిగతాదంతా ఇసుకే. లెక్క ప్రకారం 4.7 గ్రాముల సిలికాన్ రావాలి కదా, ఎక్కడ తప్పాం?

పాత_ల్యాబు:
బాబూ, ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను, నీ ప్రశ్న చూసి ప్రాణం లేచొచ్చింది. ఇసుకంటే ఎక్కువగా సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసినదే; ఆ ఆక్సిజన్‌ను మెగ్నీషియం లాక్కుంటే సిలికాన్ మిగులుతుంది. 60 గ్రాముల సిలికాకు 48.6 గ్రాముల మెగ్నీషియం చాలు. అంటే నీ పదికి 8.1. పైగా గింజలు గింజలుగా ఉన్న ఇసుకలో పైపొర మాత్రమే కలుస్తుంది, లోపలిది అలాగే ఉండిపోతుంది. మిగిలిన మెగ్నీషియం అప్పుడే పుట్టిన సిలికాన్‌ను పట్టుకుని మెగ్నీషియం సిలిసైడ్ అయింది. దానికి ఆసిడ్ తగిలితే సిలేన్ వాయువు పుడుతుంది, గాలి సోకగానే అంటుకుంటుంది. నువ్వు చూసిన తెల్ల పొగ సిలికానే. కష్టపడి విడదీసింది మళ్లీ ఇసుకైపోయింది!

పసుపు రంగు ఇనుముది. గోదారి దక్కన్ నల్లరాళ్ల మీదుగా వస్తుంది, ఇసుకలో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. ఎండిన ఇసుకలో అయస్కాంతం తిప్పి చూడు, నల్లగా మీసాల్లా అంటుకుంటుంది.

నెల్లూరోడు:
మా చిల్లకూరు వైపు ఇసుక పంచదారలా తెల్లగా ఉంటుంది, గాజు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతుంది. అది వాడి చూడండి తమ్ముడూ.

గోదారి_గట్టు:
థాంక్స్ అన్నా. కానీ ప్రాజెక్టు పేరే గోదారి ఇసుక. సార్, అయితే ఈసారి పొడి చేసి 8 గ్రాములు వేస్తే సరిపోతుందా?

పాత_ల్యాబు:
పిండిలా నూరు, కానీ 10 గ్రాములు వద్దు. మెత్తని పొడి ఒక్కసారిగా అంటుకుంటుంది. 2 గ్రాముల ఇసుక, 1.6 మెగ్నీషియం, అంతే. బాగా ఎండిన మామూలు ఉప్పు కొంచెం కలిపితే కరుగుతూ వేడి లాక్కుంటుంది, తర్వాత నీళ్లలో పోతుంది. తడి ఒక్క చుక్క ఉండకూడదు, హైడ్రోజన్ పుట్టి మూస పేలుతుంది. అంటుకుంటే నీళ్లు చల్లకు, పొడి ఇసుకే పొయ్యి. ఆసిడ్‌లోకి పొడిని చిటికెడు చిటికెడుగా వెయ్యి, పొగలు బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే. చివర్లో కడిగి ఆరబెట్టిన నల్లపొడిని వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో వేస్తే, అది సిలికానే అయితే బుడగలు రావాలి. వస్తే ఫొటో ఇక్కడ పెట్టు నాయనా.