‘నిన్ననే పంపాం సార్’ అనేశాను, ఇప్పుడు ఏం చేయాలి?

ఆవగింజంత:
అందరికీ వందనాలు. చిన్న విషయమే అనిపిస్తుందేమో గానీ నాలుగు రోజులుగా సరిగా నిద్ర పట్టడం లేదు. గురువారం ఒక క్లయింట్ ఆఫీసుకి ఫోన్ చేసి ఫైల్ ఇంకా రాలేదేంటని అడిగారు. నిజానికి అప్పటికి సగం కూడా పూర్తి కాలేదు. ఎదురుగా ఉన్న సీనియర్, పంపేశామని చెప్పు అన్నట్టు చేత్తో సైగ చేశారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ‘నిన్ననే పంపాం సార్, మీ మెయిల్ ఒకసారి చూసుకోండి’ అనేశాను. గొంతు కూడా వణకలేదు. ఆయనేమో ‘అయ్యో, సారీ అండీ, నేనే చూసుకోలేదేమో’ అన్నారు. తప్పు నాది, సారీ చెప్పింది ఆయన. అది తలచుకున్నప్పుడల్లా ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. ఎవరిని వారు పరీక్షించుకున్నాకే ఆ రొట్టె తినాలని పౌలు కొరింథీయులకు రాసిన మాట పాస్టర్ గారు చదువుతుంటే నాకు చెయ్యి చాపబుద్ధి కాలేదు, పళ్లెం పక్కవాళ్లకి అందించేశాను. ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని తెలుసు, ఒప్పుకున్నాను కూడా. దేవుడితో చెప్పుకుంటే సరిపోతుందా, ఆ క్లయింట్‌తో కూడా చెప్పాలా అన్నదే నా ప్రశ్న. చెబితే సీనియర్ ఇరుక్కుంటారు, నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. మీరైతే ఏం చేసేవారో దాపరికం లేకుండా చెప్పండి.

మట్టికుండ:
తమ్ముడూ, చెప్పాలి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ సహోదరుడి సంగతి గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి సువార్త 5లో ప్రభువు చెప్పాడు కదా, మీరు ఆదివారం రొట్టె తీసుకోకుండా అందులో సగం చేశారు. వెళ్లడం అనే సగం మిగిలింది.

పన్నులు వసూలు చేసే జక్కయ్యనే చూడండి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని యేసుతో అన్నాడు. సొంతంగా తప్పు ఒప్పుకుని సొమ్ము తిరిగిచ్చేవాడు దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తే చాలని మోషే ధర్మశాస్త్రంలో ఉంది, లేవీయకాండం 6లో చదవొచ్చు. నాలుగంతలు అనేది గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికి వేసే శిక్ష. జక్కయ్య ఎవరూ అడక్కుండానే ఆ నాలుగంతల లెక్క తన మీద వేసుకున్నాడు, ఆస్తిలో సగం బీదలకి ఇవ్వడం అది కాక. పైగా ఇవన్నీ చేశాడని యేసు అతని ఇంటికి వెళ్లలేదు, నీ ఇంట్లో దిగాలి అని ముందే పిలిచాడు. అంటే క్షమాపణ కొనుక్కోవడానికి కాదు, క్షమాపణ దొరికింది కాబట్టే తిరిగిచ్చాడు. మీకు ఆ తేడా తెలియాలనే ఇంత రాస్తున్నాను.

నా సంగతి కూడా చెబుతాను. మా తోటికోడలి గురించి లేనిపోనివి నలుగురిలో అన్నాను. నెల రోజులు దేవుడి దగ్గర ఏడ్చాను గానీ ఆమె దగ్గరికి వెళ్లలేదు, ఎందుకంటే దేవుడి ముందు ఏడవడం నాకు తేలిక. చివరికి వెళ్తే గుమ్మం దగ్గరే మాట పెగల్లేదు. ఆమె చేతిలో తడి బట్టల బకెట్ ఉంది, అది కింద పెట్టకుండానే విని, ‘నాకు అప్పుడే తెలుసక్కా’ అంది. అంతే. ఆ నెల రోజులూ ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది మరి.

సాయంకాలం:
సిస్టర్ చెప్పినదానికి ఆమెన్, కానీ ఒక్క విషయం. మీ అబద్ధం మీరు ఒప్పుకోండి, సీనియర్ సైగ గురించి మాత్రం క్లయింట్‌కి చెప్పకండి. ఆయన పాపాన్ని ఆయన తరఫున మీరు ఒప్పుకోలేరు, అలా చేస్తే ఒప్పుకోలు కాస్తా ఫిర్యాదు అయిపోతుంది. అలాగని ఆయనకి తెలియకుండా ఫోన్ చేయడం కూడా మంచిది కాదు. ముందు ఆయన్ని పక్కకి పిలిచి ‘సార్, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను, క్లయింట్‌తో సరిచేసుకుంటాను, ఇకమీదట నాతో అలా చెప్పించొద్దు’ అనండి. కోప్పడతారు, పడనివ్వండి.

ఉద్యోగం గురించి మీ టెన్షన్ చిన్నదని నేను అనను. ఏం చేసినా మనుషుల కోసం కాదు, ప్రభువు కోసం అన్నట్టు మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు 3లో ఉన్న మాట మనం తెగ చెప్పుకుంటాం గానీ, దానికి ముందు వచనం చూస్తే ఆ మాట పౌలు దాసులకి రాశాడు. రాజీనామా చేసే వీలు కూడా లేనివాళ్లకి. యజమాని చూస్తున్నప్పుడు మాత్రమే కాదు, చూడనప్పుడు కూడా అని వాళ్లకే చెప్పాడు. నాకైతే ఆ వచనం చదివినప్పుడల్లా నోరు పడిపోతుంది.

ఇంకో మాట, ముందు ఆ ఫైల్ పూర్తి చేయండి. ఒప్పుకుని మళ్లీ ఆలస్యం చేస్తే ఏం లాభం?

వాకిలి:
నాకు మీ పోస్టులో తగిలిన మాట ‘ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు’ అన్నది. ఆ క్షణమే కదా అసలు సంగతి. నెహెమ్యా రాజుకి పానపాత్ర అందించేవాడు, నీకేం కావాలని అర్తహషస్త రాజు ఎదురుగా అడిగితే, పరలోకంలోని దేవుడికి ప్రార్థన చేసి రాజుతో మాట్లాడాడని నెహెమ్యా గ్రంథం 2వ అధ్యాయంలో ఉంది. రాజు ముందు మోకరించే టైమ్ ఎక్కడుంటుంది, మనసులోనే ఒక్క మాట అనుకుని ఉంటాడు. నేను ఫోన్ మోగగానే ఎత్తకుండా ఒక్క రింగ్ పోనిచ్చి, ‘ప్రభువా, నా నోటికి కాపలా ఉండు’ అనుకుని ఎత్తుతాను. మొదట్లో చాలాసార్లు మర్చిపోయేదాన్ని.

1600ల్లో పారిస్‌లో ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన వంటపని చేసేవాడు, ఆ పనంటే ఆయనకి స్వతహాగా ఇష్టం లేదు, అయినా గిన్నెల మధ్యే దేవుడితో మాట్లాడుకుంటూ చేశాడు. తప్పు చేసినప్పుడు, నువ్వు నన్ను వదిలేస్తే నేను ఇలాగే చేస్తాను అని దేవుడితో ఒప్పుకుని, దాని గురించి కుమిలిపోకుండా మళ్లీ పనిలో పడేవాడట. బ్రదర్, మీరు కూడా ఇవాళ రాత్రి నిద్రపోండి.

ఆవగింజంత:
అందరికీ థాంక్స్. సోమవారం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఫైల్ పూర్తి చేశాను. ఈ రోజు పొద్దున్నే సీనియర్‌తో చెప్పాను, ‘నీ ఇష్టం’ అని స్క్రీన్ వైపు తిరిగిపోయారు. తర్వాత క్లయింట్‌కి ఫోన్ చేసి, ‘సార్, గురువారం నేను పంపామన్నది అబద్ధం, అప్పటికి పని పూర్తి కాలేదు, మీరు సారీ చెప్పారు, అది నేను చెప్పాల్సింది’ అన్నాను. చాలాసేపు అటునుంచి ఏమీ వినపడలేదు, లైన్ కట్ అయిందనుకున్నాను. తర్వాత ‘సరే, ఇప్పుడు పంపుతారా?’ అని మాత్రం అడిగారు. ఫోన్ పెట్టకముందే పంపాను.

సీనియర్ ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. ఆయన కోసం కూడా ప్రార్థన చేయండి, పై నుంచి ఆయన మీద ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు.