హాకీ లీగ్‌కి ఎంపికైన మా ఊరి ఫుల్‌బ్యాక్ నుంచి మొదటి సీజన్‌లో ఏం ఆశించాలి?

పాతూరు స్టిక్ (అనంతపురం)

అన్నలూ, ఒక విషయం తేల్చండి, మా వాట్సాప్ గ్రూపులో అయితే ఇది ఈ జన్మలో తేలేలా లేదు. మా పక్క వీధి పిల్లోణ్ణి ఈసారి హాకీ ఇండియా లీగ్‌లో ఒక టీమ్ జూనియర్ల కోటాలో తీసుకుంది. పేరు రాయను, టీమ్ కూడా చెప్పను, ఇప్పటికే వాడి ఫోన్‌కి ఊపిరి ఆడట్లేదు. ఆడేది డిఫెన్స్, ఫుల్‌బ్యాక్, అంటే గోల్‌కీపర్ ముందు నిలబడి ఎదుటివాళ్ళను ఆపేవాడు. పంతొమ్మిదేళ్ళు. మట్టి గ్రౌండ్‌లో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చినాడు.

ఎంపికైన రోజు టపాకాయలు కాల్చినాం, డప్పులు కొట్టించినాం, టవర్ క్లాక్ దగ్గర ఫ్లెక్సీ కట్టినాం. దాని మీద ఇండియా డ్రాగ్‌ఫ్లిక్కర్ హర్మన్‌ప్రీత్ సింగ్ పేరు కలిపి 'అనంత హర్మన్‌ప్రీత్' అని రాయించినారు, కింద వాడు డ్రాగ్‌ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరే షాట్) కొడుతున్న ఫోటో. అసలు సంగతేమంటే వాడు డ్రాగ్‌ఫ్లిక్కరే కాదు. ఏదో ప్రాక్టీస్ అయిపోయినాక సరదాకి వంగితే ఎవడో ఫోటో తీసినాడు, అది ఫ్లెక్సీకెక్కింది.

ఇప్పుడేమో మొదటి మ్యాచ్‌లో వాణ్ణి దింపనే లేదు, తర్వాతి దాంట్లో కాసేపు ఆడించినారు, మొన్నటి మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌లో వాడి ఎదురుగానే గోల్ పడింది. అవతలివాళ్ళు దూరం నుంచి బంతిని గాల్లోకి లేపి మా సర్కిల్‌లోకి (గోల్ ముందు గీసిన వంపు గీత లోపలికి) వేసినారు, వాళ్ళ ఫార్వర్డ్ ఒక్కడే దాని కింద ఉన్నాడు, మావాడు నాలుగైదు అడుగులు వెనక్కేసి ఆగిపోయినాడు, ఆ ఫార్వర్డ్ బంతిని దించుకుని గోల్ కొట్టేసినాడు. అంతే, గ్రూపులో మొదలు. 'పెళ్ళి చూపులకి పోయినట్టు నిలబడినాడు' అని ఒకడు, 'గోల్ కొట్టడు, ఆపడు, ఎందుకప్పా వీడు' అని ఇంకొకడు. ఊరేగింపులో భుజాల మీద మోసినోళ్ళే వీళ్ళు. వాళ్ళ నాన్న ఏం మాట్లాడకుండా గ్రూపులోంచి బయటికి పోయినాడు.

నేను అడిగేదొకటే. ఇంత చిన్న వయసులో పెద్ద లీగ్‌కి పోయిన డిఫెండర్ నుంచి మొదటి ఏడాది ఏం చూడాలి? గోల్స్ లెక్క పెట్టేదానికి లేదు, మరి వాడు బాగా ఆడుతున్నాడో లేదో మాలాంటోళ్ళకి ఎట్ల తెలుస్తుంది?

సప్తగిరి సర్కిల్

ముందు ఆ ఫ్లెక్సీ పీకించండప్పా. హర్మన్‌ప్రీత్ పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్కడే 10 గోల్స్ కొట్టినాడు, స్పెయిన్ మీద కాంస్యం గెలిపించిన రెండు గోల్సూ ఆయనవే. ఆ పేరు తెచ్చి పంతొమ్మిదేళ్ళ పిల్లోడి నెత్తిన పెడితే వాడేం చేయాల.

రిటైర్డ్ పీఈటీ, కర్నూలు

నేను ఫుల్‌బ్యాక్‌గా ఆడినవాణ్ణి, తర్వాత ఏళ్ళ తరబడి పిల్లలను ఆడించినవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

ముందు ఆ గోల్ సంగతి. గాల్లో వచ్చే బంతి కింద ఒక ఆటగాడు స్పష్టంగా ఒంటరిగా ఉన్నాడంటే, అతను దాన్ని అందుకుని, అదుపు చేసి, నేల మీద పెట్టుకునేదాకా ఎదుటివాడు 5 మీటర్ల లోపలికి రాకూడదు. ఇది రూలు. మీరు రాసినట్టే జరిగి ఉంటే మీవాడు వెనక్కేసింది భయపడి కాదు, రూలు తెలిసి. ఆవేశంగా మీదికి పోయి ఉంటే, అది సర్కిల్ లోపల కాబట్టి, పెనాల్టీ కార్నర్ (బేస్‌లైన్ నుంచి బంతి తోస్తే గోల్‌కి కొట్టే అవకాశం) ఇచ్చేవాళ్ళు. అప్పుడు గ్రూపులో ఇంకో రకంగా తిట్టేవాళ్ళు. ఆ గోల్‌కి తప్పు వెతకాలంటే రెండు చోట్ల చూడాలి. బంతిని లేపినవాడి మీదికి మన మిడ్‌ఫీల్డర్ ఎందుకు పోలేదు? ఆ ఫార్వర్డ్ అంత ఒంటరిగా ఉండేదాకా అతన్ని కాచుకోవాల్సినవాడు ఎక్కడున్నాడు? అది మీవాడే అయితే తిట్టండి, కానీ తప్పు జరిగింది బంతి గాల్లోకి లేవకముందు, మీరు చూసింది బంతి దిగినప్పుడు. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి డిఫెండర్ పని సగం మనకు కనబడదు.

ఇక కాసేపే ఆడించారన్న బాధ. హాకీలో ఎన్నిసార్లైనా ఆటగాళ్ళను మార్చుకోవచ్చు, కాబట్టి ఫార్వర్డ్‌లను నిమిషాల లెక్కన దించుతూ ఎక్కిస్తూ ఉంటారు. వెనకున్నవాళ్ళను మాత్రం కోచ్‌లు అంత తొందరగా కదిలించరు, వాళ్ళిద్దరికీ ఒకరి మీద ఒకరికి అంచనా కుదరాలి. ఫార్వర్డ్ చేసిన తప్పు ఎదుటివాళ్ళ గోల్‌కీపర్ దగ్గర ఆగిపోతుంది, ఫుల్‌బ్యాక్ చేసిన తప్పు స్కోర్‌బోర్డు ఎక్కుతుంది. అందుకే కొత్తవాణ్ణి మొదట ఆధిక్యంలో ఉన్నప్పుడో, ఎదుటివాళ్ళ ముఖ్యమైన ఫార్వర్డ్‌లు బెంచ్ మీద ఉన్నప్పుడో దింపుతారు. అది అవమానం కాదు, పద్ధతి.

బాగా ఆడుతున్నాడో లేదో ఎట్ల తెలుస్తుందన్నారు కదా. నేనైతే వాడి దగ్గర బంతి ఉన్నప్పుడు ఎదుటి టీమ్ ముగ్గురు నలుగురు మీదికి వస్తే ఏం చేస్తాడో చూస్తా. కంగారుపడి సైడ్‌లైన్ అవతలికి కొడుతున్నాడా, లేక తలెత్తి చూసి మధ్యలో ఖాళీగా ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి నేల మీద పాస్ ఇస్తున్నాడా. రెండోది చేయగలిగితే సగం పాసైనట్టే. స్టిక్ నేలకి ఆనించి ఎదుటివాణ్ణి బేస్‌లైన్ వైపు తోస్తున్నాడా, లేక తొందరపడి స్టిక్ విసురుతున్నాడా అన్నది ఇంకోటి. విసిరితే గ్రీన్ కార్డు పడొచ్చు, పడితే రెండు నిమిషాలు టీమ్ పది మందితో ఆడాలి. ఎల్లో అయితే కనీసం ఐదు నిమిషాలు. మొదటి సీజన్‌లో కార్డులు లేకుండా ఆడిన కుర్ర డిఫెండర్‌ని నేను గోల్ కొట్టినవాడికన్నా ఎక్కువ మెచ్చుకుంటా.

పెనాల్టీ కార్నర్‌కి వాణ్ణి ఉరికిస్తున్నారా లేదా అన్నది కూడా గమనించండి. కార్నర్ వచ్చిందంటే గోల్‌కీపర్ కాక నలుగురే బేస్‌లైన్ వెనక ఉంటారు, మిగతావాళ్ళంతా సెంటర్‌లైన్ దాటి పోవాలి. ఆ నలుగురిలో మొదటి రన్నర్ అని ఒకడుంటాడు. ముఖానికి మాస్క్, మోకాళ్ళకి ప్యాడ్లు, బంతి కదిలిన క్షణంలో ఫ్లిక్కర్ మీదికి నేరుగా పరిగెత్తాలి. ఎదురుగా గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో బంతి వస్తుంది, ఆలోచించేదానికి రెండు సెకన్లు కూడా ఉండవు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆ పని చేసినవాడు అమిత్ రోహిదాస్. జర్మనీ మీద చివరి సెకన్లలో కార్నర్ ఆపి 5-4తో గెలిచినప్పుడు అందరికీ గోల్‌కీపర్ శ్రీజేశ్ గుర్తున్నాడు, ఉండాలి కూడా. రోహిదాస్ పేరు మీ గ్రూపులో ఎంతమందికి తెలుసో అడగండి. ఆయన 2013లోనే సీనియర్ టీమ్‌లోకి వచ్చి, చోటు పోగొట్టుకుని, మళ్ళీ 2017లోనే తిరిగొచ్చినాడు. మధ్యలో ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు.

హర్మన్‌ప్రీత్ సంగతీ అంతే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడినాడు, ఒక్క గోల్ కూడా లేదు. అప్పుడాయనకి ఇరవై ఏళ్ళు.

కడప కారందోశ

సార్ చెప్పింది బాగానే ఉంది కానీ నాకు వేరే అభిప్రాయం ఉంది, తిట్టుకోకండి. లీగ్ అంటే అకాడమీ కాదు. నేర్చుకునేదానికి జూనియర్ నేషనల్స్ ఉన్నాయి. ఇక్కడ వేలంపాట పెట్టి కొంటారు, హర్మన్‌ప్రీత్‌కి 78 లక్షలు పెట్టినారు, కనీస ధర 2 లక్షలకి పోయినోళ్ళూ ఉన్నారు, ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్ళు ఆడి చూపించాల.

ఇంకో మాట. లీగ్ మళ్ళీ మొదలైన 2024-25లో 24 మంది స్క్వాడ్‌లో 8 మంది విదేశీయులు, మనోళ్ళు 16 మంది, అందులో నలుగురు జూనియర్లు తప్పనిసరి అని రూలు పెట్టినారు. మీవాడు ఇప్పుడు ఆ జూనియర్ కోటాలో ఒకడు. వయసు దాటినాక ఆ కోటా ఉండదు. అప్పుడు రోహిదాస్ లాంటోళ్ళతో, జర్మనీ, నెదర్లాండ్స్ డిఫెండర్లతో పోటీపడి చోటు తెచ్చుకోవాల. 'చిన్న పిల్లోడు, టైమివ్వండి' అని ఊరంతా జోల పాడితే వాడికి నష్టమే. టైముందని వాడూ అనుకుంటాడు.

అయినా ఆశ పెట్టుకోవడం తప్పెట్ల అవుతుంది? 2017 తర్వాత ఈ లీగే మూతపడింది, మళ్ళీ 2024 డిసెంబర్ చివర్లో గానీ మొదలవలేదు. ఆ ఏడేళ్ళు హాకీ గురించి మన సీమలో ఎవడైనా తిట్టుకున్నాడా? తిట్టాలంటే ముందు మ్యాచ్ చూడాల కదా. గ్రూపులో గోల చేసేటోళ్ళు కనీసం మూడో క్వార్టర్ దాకా టీవీ ముందు కూర్చున్నోళ్ళు. వాళ్ళ నాన్నని బాధపెట్టింది మాత్రం తప్పు, అది వేరే సంగతి.

తాడిపత్రి టు టొరంటో

ఇక్కడ మంచు మీద ఆడే హాకీ పిచ్చి, అది వేరే ఆట, కానీ మీ సమస్య అచ్చం ఇక్కడిదే కాబట్టి రాస్తున్నా. 2008లో ఇక్కడి మేపుల్ లీఫ్స్ టీమ్ లూక్ షెన్ అనే డిఫెన్స్‌మన్‌ని డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కుర్రాళ్ళను వరుసగా ఎంచుకునే పద్ధతి) ఐదో నంబర్‌లో తీసుకుని, పద్దెనిమిదేళ్ళకే నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌లోకి, అంటే ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్‌లోకి దింపింది. ఊరంతా వీడే మన భవిష్యత్తు అన్నారు. అతనేమో గట్టిగా ఢీకొట్టే రకం, షాట్లకి అడ్డం పడే రకం, గోల్స్ కొట్టే రకం కాదు. మీ ఫ్లెక్సీ లాగే ఇక్కడ కూడా అతను కానిదాన్ని అతని మీద అచ్చేసినారు. 2012లో ఫిలడెల్ఫియాకి ఇచ్చేసినారు. అటు తిరిగి ఇటు తిరిగి ఒకప్పుడు కింది లీగ్‌లో కూడా ఆడినాడు. తర్వాత టాంపాతో 2020, 2021 రెండేళ్ళూ ఆ లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచినాడు. 2023లో లీఫ్స్ వాళ్ళే అతన్ని మళ్ళీ పిలిచి తెచ్చుకున్నారు! ఈసారి ఎవరూ గోల్స్ అడగలేదు, అతను ఏం చేస్తాడో అందరికీ తెలుసు, అదే చేసినాడు.

కడప అన్న మాటకి కూడా ఒక ఉదాహరణ ఇస్తా, ఒకవైపే చెప్తే బాగుండదు. మాంట్రియల్‌లో లేన్ హట్సన్ అని ఒకడు, 2022లో 62వ నంబర్‌లో తీసుకున్నారు, పొట్టివాడని చాలామంది వదిలేసినారు. 2024-25లో మొదటి పూర్తి సీజన్‌లోనే 66 పాయింట్లు (గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి), ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు కూడా అతనికే. అట్లాంటోళ్ళు ఉంటారు. కానీ బఫలోకి 2018లో మొదటి నంబర్‌లో వచ్చిన రాస్మస్ డాలిన్ మూడో సీజన్‌లో మైనస్ 36, అంటే అతను ఐస్ మీద ఉన్నప్పుడు టీమ్ కొట్టినవాటికన్నా కొట్టించుకున్న గోల్స్ అంత ఎక్కువ, లీగ్ మొత్తంలో అట్టడుగు. ఆ టీమే ఆ ఏడాది వరుసగా 18 మ్యాచ్‌లు ఓడింది, అతనొక్కడు ఏం చేస్తాడు. ఇప్పుడు అదే టీమ్‌కి కెప్టెన్. డిఫెండర్ లెక్క చూసేటప్పుడు పక్కన ఎవరున్నారో, టీమ్ ఎట్లాంటిదో కూడా చూడాల.

పాతూరు స్టిక్ (అనంతపురం)

పీఈటీ సార్, ఆ 5 మీటర్ల రూలు గ్రూపులో పెట్టినా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒకడు 'మరి రిఫరీ తప్పు' అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

కడప అన్నా, కోటా సంగతి నిజమే, వాడికీ అదే టెన్షన్. నిన్న రాత్రి ఫోన్‌లో మాట్లాడితే వాడు గోల్ గురించి ఏమీ అనలేదు, వచ్చే వేలంలో ఎవరు తీసుకుంటారన్నా అని అడిగినాడు. ఇప్పట్నుంచీ డ్రాగ్‌ఫ్లిక్ నేర్చుకుంటే ధర వస్తుంది కదా అని వాడి ఆలోచన. రోజూ ప్రాక్టీస్ అయినాక ఒక్కడే ఉండి ఫ్లిక్కులు కొడుతున్నాడట. ఇది మంచిదేనా సార్?

కడప కారందోశ

మంచిదే. లీగ్‌లో లెక్కకొచ్చేది అదే. మొన్న 2025 ఫైనల్‌లో బెంగాల్ టైగర్స్ హైదరాబాద్ తూఫాన్స్‌ని 4-3తో కొట్టినప్పుడు హ్యాట్రిక్ ఎవరిది? జుగ్‌రాజ్ సింగ్‌ది. డిఫెండరే, డ్రాగ్‌ఫ్లిక్కరే.

రిటైర్డ్ పీఈటీ, కర్నూలు

నేర్చుకోవచ్చు, కానీ సీజన్ మధ్యలో, మ్యాచ్‌ల మధ్యలో, ఒంటరిగా మాత్రం వద్దు. డ్రాగ్‌ఫ్లిక్‌లో ఒళ్ళంతా వంచి, ఎడమ కాలు దూరంగా వేసి, నడుము తిప్పి బంతిని ఈడ్చి విసరాలి. భారమంతా నడుము కింది భాగం మీద, ముందు కాలి మోకాలి మీద పడుతుంది. రోజూ అలసిపోయినాక పదుల కొద్దీ కొడితే ముందు పోయేది నడుమే, అప్పుడు ఫుల్‌బ్యాక్‌గా వంగి స్టిక్ నేలకి పెట్టడం కూడా కష్టమవుతుంది. టీమ్‌లో ఫిజియో ఉంటాడు, కోచ్ ఉంటాడు, వాళ్ళకి చెప్పి వారానికి ఇన్ని అని లెక్క పెట్టించుకోమనండి. సీజన్ అయిపోయి ఇంటికొచ్చినాక నిదానంగా మొదలుపెట్టొచ్చు.

జుగ్‌రాజ్ సంగతి నిజమే, కానీ ప్రతి టీమ్‌కీ ఒకరిద్దరు ఫ్లిక్కర్లు ఇప్పటికే ఉంటారు. మీవాడు మూడోవాడైతే వాడి చేతికి కార్నర్ ఎప్పుడొస్తుంది? అదే మొదటి రన్నర్‌గా ధైర్యంగా ఉరికేవాళ్ళు టీమ్‌కి ఇద్దరు దొరకడమే గగనం. వచ్చే మ్యాచ్‌లో ఎదుటివాళ్ళకి కార్నర్ వచ్చినప్పుడు మాస్క్ పెట్టుకుంటున్న నలుగురిలో వాడున్నాడేమో చూసి నాకు చెప్పండి. నేనూ చూస్తా, కానీ మా ఇంట్లో ఆ టైముకి సీరియల్.