18 ఏళ్ళ కుర్రాడు ఐస్ హాకీ పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి సిద్ధమో కాదో ఎలా తేలుస్తారు?

బోథెల్ శీను:
అన్నలూ, ఐస్ హాకీ సంగతి కాస్త విడమరిచి చెప్పండి. ఆఫీసులో ఇచ్చే టికెట్ల పుణ్యమా అని మా సియాటిల్ జట్టు క్రాకెన్ మ్యాచ్‌లు అలవాటయ్యాయి. క్రికెట్లో అయితే పదహారేళ్ళ సచిన్‌ని 1989లో నేరుగా పాకిస్తాన్ మీదకి దింపారు. ఇక్కడేమో డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) తీసుకున్న కుర్రాణ్ణి మళ్ళీ జూనియర్స్‌కే, అంటే టీనేజ్ కుర్రాళ్ళ లీగులకే పంపేస్తారు. 2022 సంగతే తీసుకోండి. మొదట ఎంపికైన స్లాఫ్కోవ్‌స్కీని మాంట్రియల్ వెంటనే ఆడించింది. నాలుగో వాడు షేన్ రైట్‌ని మావాళ్ళు నాలుగు రోజులు తిప్పి వెనక్కి పంపారు. ఇద్దరికీ అప్పుడు 18 ఏళ్ళే. గోల్స్ లెక్క చూసి తేలుస్తారా, ఇంకేదైనా ఉందా?

లావాల్ రమణ:
తమ్ముడూ, జూనియర్ గోల్స్‌ని బట్టి తేలేదైతే స్కౌట్లకి జీతాలెందుకు? నేను చూసేది ఒక్కటే. రింక్ చుట్టూ ఉండే బోర్డుల దగ్గర పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) అందుకునే ముందు కుర్రాడు భుజం మీదుగా వెనక్కి ఓ చూపు చూస్తాడా లేదా? ఆ చూపు లేకపోతే వెనకనుంచి వచ్చే డిఫెన్స్‌మన్ గాజుగోడకి అతికించేస్తాడు.

స్లాఫ్కోవ్‌స్కీ విషయంలో అందరూ బోర్లా పడింది అక్కడే. ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఫిన్లాండ్‌లో పెద్దవాళ్ళతో ఆడొచ్చాడు, బీజింగ్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ళకే ఏడు గోల్స్ కొట్టాడు. ఇంకేం కావాలి అనుకున్నారు. ఇక్కడికొచ్చాక మొదటి చలికాలమంతా తల దించుకుని పక్‌నే చూస్తూ దెబ్బలు తిన్నాడు. 39 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి), జనవరిలో మోకాలు పోయి సీజన్ ముగిసింది. మా లావాల్‌లోనే మాంట్రియల్ వాళ్ళ ఏహెచ్‌ఎల్ (ఎన్‌హెచ్‌ఎల్‌కి కింది మెట్టు లీగ్) జట్టుంది, మెట్రో ఎక్కితే వచ్చేయొచ్చు. పంపలేదు. మరుసటి ఏడు 20 గోల్స్, 50 పాయింట్లు చేశాడు కాబట్టి అట్టేపెట్టుకోవడమే రైటంటారు మావాళ్ళు. నేనొప్పుకోను. జట్టులో మేటి ఆటగాళ్ళు సుజుకీ, కాఫీల్డ్‌ల లైన్లో (కలిసి ఐస్ మీదకి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల గుంపులో) వేశాక కుదురుకున్నాడు గానీ ఆ 39 మ్యాచ్‌ల వల్ల కాదు.

రెంటన్ పద్మ:
శీను గారూ, రైట్‌ది వేరే తలనొప్పి. అప్పటి రూల్ ప్రకారం కెనడా మేజర్ జూనియర్ లీగుల నుంచి వచ్చిన కుర్రాడికి 20 నిండకపోతే మామూలుగా ఏహెచ్‌ఎల్ తలుపు మూసే ఉండేది. ఉంటే ఎన్‌హెచ్‌ఎల్, లేదంటే మళ్ళీ జూనియర్. అంటే ఆడగలడా లేదా అన్నది సగం ప్రశ్నే. ఉంచుకుంటే రోజూ ఐస్ మీద ఎంతసేపు ఇస్తారన్నది మిగతా సగం. రైట్‌కి ఇక్కడ దక్కింది మ్యాచ్‌కి ఎనిమిది నిమిషాల చిల్లర, అదీ ఆడించిన రోజున. చాలా మ్యాచ్‌లు సూటేసుకుని పైనుంచి చూశాడు.

ఆట పట్టు తప్పకుండా చూసే కండిషనింగ్ మినహాయింపు పేరుతో కొన్నాళ్ళు మా ఏహెచ్‌ఎల్ జట్టు కోచెల్లా వ్యాలీకి పంపితే అయిదు మ్యాచ్‌ల్లో నాలుగు గోల్స్! తిరిగొచ్చి తొలి ఎన్‌హెచ్‌ఎల్ గోల్ ఎవరి మీద కొట్టాడో తెలుసా? డ్రాఫ్ట్‌లో తనను కాదని స్లాఫ్కోవ్‌స్కీని తీసుకున్న మాంట్రియల్ మీద. (రమణ గారూ, ఆ రోజు నేను హాల్లోనే ఉన్నాను, గొంతు పోయింది.) ఆ తర్వాత వరల్డ్ జూనియర్స్‌లో (20 ఏళ్ళ లోపు వాళ్ళ ప్రపంచ పోటీలో) కెనడాకి కెప్టెన్‌గా స్వర్ణం, అక్కణ్ణుంచి జూనియర్‌కి.

డబ్బు లెక్క కూడా ఉందండోయ్. ఆ వయసులో పది మ్యాచ్‌ల లోపు ఆగితే మొదటి కాంట్రాక్టు ఏడాది ఖర్చవదు, ముందుకి జరుగుతుంది. రైట్ ఆడింది ఎనిమిది. 2024-25లో 79 మ్యాచ్‌లు, 44 పాయింట్లు. ఓపిక పట్టడం కలిసొచ్చిందనే అంటాను.

సాస్కటూన్ వాసు:
మరి జో థార్న్‌టన్? 1997 డ్రాఫ్ట్‌లో మొదట ఎంపికైనవాడు. బోస్టన్ ఆ ఏడు 55 మ్యాచ్‌లు ఆడించింది, మొత్తం ఏడు పాయింట్లు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. పెద్దవాళ్ళ మధ్య కూర్చోబెడితే చెడిపోతారన్నది ఉత్త భయం.

లావాల్ రమణ:
వాసూ, ఆ బాపతు వాడు పదేళ్ళకొకడు. అదే 2022 డ్రాఫ్ట్‌లో మూడో వాడు లోగన్ కూలీని చూడు. మిన్నెసోటా యూనివర్సిటీలో ఏడాది ఆడొచ్చాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి సీజనే 44 పాయింట్లు.

బోథెల్ శీను:
అన్నా, అయితే సెప్టెంబర్లో ప్రీసీజన్‌కి వెళ్తే నేనేం చూడాలి?

లావాల్ రమణ:
ప్రీసీజన్ గోల్స్ నమ్మకు, ఎదుటి జట్టులో సగం మంది ఏహెచ్‌ఎల్ వాళ్ళే ఉంటారు. అక్టోబర్లో వెళ్ళు. చివరిదైన మూడో పీరియడ్‌లో మీ జట్టుకి ఒక్క గోల్ ఆధిక్యం, ఇంకా అయిదు నిమిషాలుంది. అప్పుడు కోచ్ వాణ్ణి ఐస్ మీదకి పంపుతున్నాడా, బెంచీ మీదే కూర్చోబెడుతున్నాడా చూడు. వరసగా మూడు మ్యాచ్‌లు కూర్చోబెట్టాడంటే జూనియర్స్‌కి టికెట్ బుక్కయినట్టే.