సముద్రంలో పడవెక్కితే అమ్మకు వాంతులు, ఏం చేస్తే ఆగుతాయి?

మాది అనంతపురం. డిసెంబరులో గుంతకల్ నుంచి రైల్లో ఇంటిల్లిపాదీ గోవా పోతున్నాం. పొద్దున డాల్ఫిన్లు చూపించే పడవ, సాయంత్రం పణజిలో పాటలు, దేఖణీ, ఫుగ్డీ నృత్యాలతో మాండవి నదిలో తిప్పే పెద్ద పడవ, రెండూ ఒకే రోజు అనుకున్నాం. అమ్మ లేకుండా పోవడం మాకెవరికీ ఇష్టం లేదు.

అమ్మకు 61 ఏళ్లు. బీపీకి రోజూ పొద్దున మాత్ర వేసుకుంటుంది. బస్సులో, కారులో ఏమీ కాదు. శ్రీశైలం పాతాళగంగలో లాంచీ ఎక్కినప్పుడూ హాయిగా కూర్చుంది. పోయినేడు విశాఖలో సముద్రంలోకి పోతే మాత్రం పావుగంటకే నోట్లో నీళ్లూరి, చెమటలు పట్టి, వాంతులు మొదలయ్యాయి. పడవ నడుస్తున్నప్పటికంటే ఇంజను ఆపి అలల మీద ఊగుతూ నిలబడినప్పుడే ఎక్కువైంది. ఒడ్డుకొచ్చాక కూడా రాత్రి దాకా తల తిరుగుతోందనే అంది, పాపం.

ఆ రోజు ఎక్కడానికి అరగంట ముందు వాంతులు రాకుండా ఎవోమిన్ 25 మాత్ర వేశాం. పనిచేయలేదు, పైగా మత్తు. రెండు ఇడ్లీలే తినింది. అల్లం ముక్క నమిలింది, నిమ్మకాయ వాసన చూసింది. ఎండగా ఉందని లోపలి గదిలో కూర్చోబెడితే ఇంకా ఎక్కువైంది. మందుల షాపులో ఈసారి స్టుజెరాన్ అనే మాత్ర వాడి చూడమన్నారు. బీపీ ఉంది కాబట్టి డాక్టరును అడగకుండా ఏదీ వేయను.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇట్లాగే సముద్రంలో మాత్రమే వాంతులయ్యేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఏ మాత్ర, పడవెక్కడానికి ఎన్ని గంటల ముందు వేసుకుంటే మత్తు లేకుండా పనిచేసింది?