నీళ్లు చాలని హాస్టల్లో మెన్‌స్ట్రువల్ కప్పు వాడవచ్చా?

విద్యార్థిని, అనంతపురం:
మా హాస్టల్లో పొద్దున కాసేపే కుళాయి వస్తుంది. ఆ తర్వాత బకెట్లలో పట్టిపెట్టుకున్న నీళ్లే దిక్కు. వాడిన ప్యాడ్లు పారవేయడానికి సరైన చోటు లేక, కాగితంలో చుట్టి రాత్రి వరకు గదిలోనే దాచుకుంటున్నాము. నెలసరిలో ప్యాడుకు బదులు యోనిలో పెట్టుకుని రక్తాన్ని పట్టే సిలికాన్ కప్పుకు మారాలని ఉంది గానీ, నీళ్లకు కటకటగా ఉన్నచోట అది రోగాలను కొనితెచ్చుకోవడమేనని తోటివారు అంటున్నారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

ఉపాధ్యాయిని, కడప:
వారి మాటే సబబు. చేయి కడుక్కోవడానికి సబ్బు కూడా ఉండని ఉమ్మడి స్నానాల గదుల్లో, లోపల పెట్టుకునే వస్తువును వాడమని ఆడపిల్లలకు ఎలా చెప్పగలం? పైగా దాన్ని మరిగించాలి. హాస్టల్లో హీటరు కనబడితే వార్డెన్ ఊరుకోరు. పెళ్లికాని పిల్లలకు తగదనే మాట కూడా ఉంది.

స్టాఫ్ నర్సు, కర్నూలు:
మరిగించవలసింది రోజూ కాదు, నెలసరి మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి. ఆ పని ఇంటి దగ్గరో, వంటగది ఆయమ్మను అడిగో చేసుకోవచ్చు. నీళ్లు ఇంకి సిలికాన్ కప్పు గిన్నె అడుగుకు అంటుకుంటే మాడిపోతుంది కాబట్టి, కప్పు పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి దగ్గరే నిలబడాలి. బోరు నీళ్లయితే తెల్లటి పొర కడుతుంది. క్యాను నీళ్లు మేలు.

మధ్యలో, స్రావం మరీ ఎక్కువ కాకపోతే, పొద్దునా రాత్రీ ఖాళీ చేస్తే చాలు, 12 గంటలు మాత్రం దాటనివ్వకూడదు. నీళ్లు లేనప్పుడు శుభ్రమైన టిష్యూతో తుడిచి పెట్టుకుని, తర్వాత కడగవచ్చు. చేతుల విషయంలో మాత్రం రాజీ లేదు: పెట్టేముందూ తీసేముందూ సబ్బుతో కడగవలసిందే, ఒక మగ్గు నీళ్లు దీనికోసం విడిగా ఉంచుకోవలసిందే.

గొంతుకూర్చుంటే పని సులువవుతుంది. అంచును లోపలికి నొక్కి మడిచి పెట్టాక, అడుగుభాగం చుట్టూ వేలు తిప్పితే విచ్చుకున్నదీ లేనిదీ తెలుస్తుంది. తీసేటప్పుడు కాడ పట్టి లాగకండి. అడుగును నొక్కి గాలి చొరనిచ్చాకే మెల్లగా తీయాలి. కాపర్‌ టి ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. ఇక పెళ్లి మాటకొస్తే, కన్నెపొర సాగవచ్చు, చిరగవచ్చు, కానీ దాన్నిబట్టి కన్యాత్వం తేల్చడం వైద్యం ఒప్పుకోదు. కేరళలోని అలప్పుళ మున్సిపాలిటీ 2019లో కప్పులను ఉచితంగా పంచింది కూడా.

ఉపాధ్యాయిని, కడప:
అలప్పుళ చుట్టూ నీళ్లే కదండీ! అనంతపురం చూస్తే రాష్ట్రంలోనే అతి తక్కువ వాన పడే జిల్లా.

స్టాఫ్ నర్సు, కర్నూలు:
అక్కడ కప్పులు పంచడానికి కారణం నీళ్లు కాదు, 2018 వరదల్లో సహాయ శిబిరాల్లో వాడిన ప్యాడ్లు పారవేయలేకపోవడం. ఈ అమ్మాయి చెప్పిన ఇబ్బందీ అదే.

ఉపాధ్యాయిని, కడప:
చెత్త సంగతి ఒప్పుకుంటాను, కన్నెపొర సంగతీ ఒప్పుకుంటాను. అలవాటు పడేందుకు రెండు మూడు నెలలు పడుతుందంటారు గదా, పరీక్షల ముందు మాత్రం ఈ ప్రయోగం వద్దమ్మా. సెలవుల్లో ఇంటి దగ్గర మొదలుపెట్టు, కొన్నాళ్లు లోదుస్తుల్లో ప్యాడు కూడా ఉంచుకో.