నాలుగేళ్ల బాబుకి టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించాలా, ఆగాలా?

అనిత: గొంతునొప్పి ఏడాదికి రెండుసార్లకు మించి రాదు. గురక మాత్రం గదంతా వినిపిస్తుంది. మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటాడు. ఈఎన్‌టీ డాక్టర్ గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ రెండూ తీసేద్దామంటున్నారు, మావారు ఆగుదామంటున్నారు.

రావు: తొందరపడకండి. గొంతు ఇన్ఫెక్షన్ ఏడాదిలో 7 సార్లు, లేదా రెండేళ్లపాటు ఏటా 5, మూడేళ్లపాటు ఏటా 3 సార్లు వస్తేనే ఆపరేషన్ మాట. మీవాడికి రెండే. క్రిముల్ని ఆపే కాపలావాళ్లని కోసి పారేస్తారా?

మాధవి: ఆ లెక్క ఇన్ఫెక్షన్లకండీ. ఆవిడ అడిగింది ఊపిరి గురించి.

రావు: లెక్క లెక్కే. మా అమ్మాయిని ఓ డాక్టర్ నిమిషం టార్చి వేసి చూసి ఆపరేషన్ తేదీ ఇచ్చేశాడు. చేయించలేదు, పెద్దయ్యేసరికి అంతా సర్దుకుంది. అడినాయిడ్స్ వయసుతోపాటు చిన్నవైపోతాయి. 2013లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చదవండి: ఆపరేషన్ లేకుండానే 7 నెలల్లో 46 శాతం పిల్లలకి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి చూసే పరీక్ష, మామూలుగా వచ్చింది.

మాధవి: చేయించినవాళ్లలో 79 శాతం. అది మింగేశారేం? పైగా వాళ్లంతా 5-9 ఏళ్లవాళ్లు, సమస్య మరీ తీవ్రంగా ఉన్నవాళ్లని చేర్చుకోలేదు.

రావు: ఏకాగ్రత పరీక్షల్లో పెద్ద తేడా లేదనీ అందులోనే ఉంది.

మాధవి: ప్రవర్తన మెరుగైందనీ అందులోనే ఉంది!

కిరణ్: మావాడికి చేయించాం. మొదటి రెండు రోజులకన్నా ఆరో రోజు ఎక్కువ ఏడ్చాడు, అదీ చెవి నొప్పని. గొంతులో తెల్లటి పొర చూసి చీము అనుకున్నాం, మానుతున్న గాయమట. ఆ పొర 5-10 రోజుల మధ్య ఊడుతుంది. అప్పుడు రక్తం పడితే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. నొప్పికి కోడీన్ అనే మందు మాత్రం వద్దు.

రావు: చూశారా, రక్తం!

మాధవి: మీకు డాక్టర్లంటే నమ్మకం లేదు. దానికి ఆ 7ని అడ్డం పెట్టుకుంటున్నారు.

రావు: లేదు, ఏం? నిమిషంలో తేల్చేసేవాణ్ణి ఎలా నమ్మాలి? ముక్కులో స్ప్రే వాడి చూద్దామనలేదు, స్లీప్ స్టడీ మాటెత్తలేదు. పిల్లకి మత్తిచ్చి లోపలికి తీసుకెళ్తే బయట కూర్చుని వణికేది మనం.

అనిత: స్ప్రే వాడాం, లాభం లేకపోయింది. రావుగారూ, వాడి పక్కన పడుకునేది నేను. మెడ వెనక్కి వాల్చి, నోరు తెరిచి గాలి కోసం లాగుతుంటే గొంతు కింద గుంట పడుతుంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంది. మావారు పక్క గదిలో నిద్రపోయి, పొద్దున్నే ఆడుకుంటున్న పిల్లాణ్ణి చూసి ‘వీడికేమైంది, నీకే భయం ఎక్కువ’ అంటారు. మీరూ అదే అంటున్నారు. కన్నతల్లి కళ్లు చాలవా, కాగితమే కావాలా?

రావు: కాగితమే కావాలమ్మా. మీరు అబద్ధమాడుతున్నారని కాదు. గురక ఎంత గట్టిగా ఉన్నా, జబ్బు ఎంతుందో చెవికి తెలీదు. స్లీప్ స్టడీ చేయించండి.

మాధవి: హమ్మయ్య, దారికొచ్చారు.

రావు: ఏ దారికీ రాలేదు. అందులో తక్కువ తేలితే ఆగమనే అంటాను.

కిరణ్: ఈలోగా బాబు చొక్కా విప్పి, ఛాతీ కనబడేలా వీడియో తీయండి. డాక్టర్‌కి చూపించండి, మీవారికీ చూపించండి.

అనిత: తీశాను. డాక్టర్ చూశారు. మావారే చూడనంటున్నారు.