ప్రభుత్వ పోర్టళ్లు యూట్యూబ్ దగ్గర నేర్చుకోవలసినది ఏమైనా ఉందా?

మారతహళ్లి వాసి:
ఇటీవల మా అమ్మగారి ధ్రువపత్రం కోసం ఒక ప్రభుత్వ పోర్టల్‌లో నాలుగు పేజీలు నింపి, అద్దె ఒప్పందం జతచేసి నొక్కితే "ఎర్రర్" అన్న ఒక్క మాటే వచ్చింది. ఫైలు పరిమాణం మించిందని మూడోసారి గాని అర్థం కాలేదు. ఆ మూడుసార్లూ నింపినదంతా చెరిగిపోయింది. యూట్యూబ్‌లో వీడియో ఎక్కిస్తుండగా నెట్ తెగిపోతే ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. చూసేవారు ఏ క్షణాన లేచిపోతున్నారో వీడియో పెట్టినవారికి గ్రాఫు గీసి మరీ చూపిస్తుంది. ప్రభుత్వ సేవలు నిర్ణీత గడువులోగా అందించాలనే సకాల చట్టం కర్ణాటకలో 2011లోనే వచ్చింది గాని, దాని గడువు దరఖాస్తు అందాకే మొదలవుతుంది. నాలుగో పేజీలో విసిగి వదిలేసినవారు ఆ లెక్కలోకే రారు. నేర్చుకోవలసినది ఆ గ్రాఫు అని నా అభిప్రాయం.

విజయనగర్ నుంచి:
మీ బాధ నిజమే గాని పోలిక నాకు పూర్తిగా మింగుడుపడలేదండి. యూట్యూబ్‌కు మనల్ని కూర్చోబెట్టుకోవడం లాభం. ప్రభుత్వ పోర్టల్ మనల్ని ఎంత త్వరగా పంపించేస్తే అంత మంచిది. బ్రిటన్ 2012లో డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే ప్రభుత్వ సైట్ల స్థానంలో గవ్.యూకే అనే ఒకే సైటు తెచ్చినప్పుడు అనవసరమైన పేజీలు తీసేసి, భాషను తేలిక చేయడంపైనే దృష్టి పెట్టింది. పైగా తనకు నప్పని ప్రేక్షకుణ్ణి యూట్యూబ్ వదులుకోగలదు, ప్రభుత్వం ఫోను లేని ముసలావిడనైనా వదులుకోలేదు.

మారతహళ్లి వాసి:
ఒప్పుకుంటాను. భాష సంగతి ఎత్తారు కనుక చెబుతున్నాను: మా అమ్మగారు కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు, అయినా "హోబళి" అన్న గడి దగ్గర ఆగిపోయారు. తాలూకాలో ఒక భాగమని పక్కన చిన్న అక్షరాలతో రాస్తే సరిపోయేది. వికీపీడియాలో ఏ పేజీ ఎప్పుడు ఎలా మారిందో చరిత్ర అంతా కనిపిస్తుంది; ఇక్కడ కావలసిన పత్రాల జాబితా మారినా ఎప్పుడు మారిందో చెప్పేవారుండరు.

కె.ఆర్. పురం పాఠకుడు:
నేను మూడేళ్లు ఒక సేవా కేంద్రంలో కౌంటర్ చూశాను. మీరడిగే గ్రాఫు మా నోటుపుస్తకంలోనే ఉండేది: ఎవరిని ఎందుకు తిప్పి పంపామో రోజూ రాసుకునేవాళ్లం. సగానికి పైగా ఫైలు పరిమాణం గొడవే కావడంతో చివరికి "స్కాన్ 500 కేబీ మించరాదు" అని కన్నడంలోనూ తెలుగులోనూ రాసి గోడకు అంటించాం. పోర్టల్ తయారుచేసినవారు ఎవరూ వచ్చి ఆ పుస్తకం అడగలేదు.